అద్దె నెలకోసారి... డబ్బు పంటకోసారి!

నెల్లూరులో ఒక మాల్ నిలదొక్కుకుంది. రెండోది, మూడోది వచ్చినా నిలబడతాయా? చెన్నై హైవే మీద ‘అవుట్‌లెట్ మాల్’ కడితే జనం ఆగుతారా? ఈ ప్రశ్నలకి జవాబు ట్రంకురోడ్డు మీద కన్నా వరి మళ్లలో, రొయ్యల గుంటల దగ్గరే ఎక్కువ దొరుకుతుంది.

నెల్లూరులో ఎవరింట్లోనైనా పెళ్లి కుదిరిందంటే ముహూర్తం తర్వాత అడిగే ప్రశ్న ఒకటే. ‘బట్టలకి మద్రాసు ఎప్పుడు పోతా ఉండారు?’ ఊరి పేరు చెన్నైగా మారి ఎన్నో ఏళ్లైనా ఇక్కడి పెద్దవాళ్ల నోట ఇప్పటికీ మద్రాసే. తెల్లారకముందే రైలెక్కితే దుకాణాలు తలుపులు తీసే వేళకి టీ నగర్‌లో ఉండొచ్చు. పానగల్ పార్కు దగ్గర పట్టుచీరలు, ఉస్మాన్ రోడ్డులో నగలు, రంగనాథన్ వీధిలో మిగతావన్నీ. రాత్రికి సంచులతో సహా ఇంటికి. స్వర్ణ చతుర్భుజి పథకంలో రోడ్డు నాలుగు వరుసలయ్యాక కారున్నవాళ్లకి ఈ 175 కిలోమీటర్లు మూడు గంటల పనైపోయింది.

అంటే నెల్లూరులో ఎవరు పెద్ద కొట్టు పెట్టినా మొదటి పోటీ పక్క వీధి వాడితో కాదు, చెన్నైతో! ఈ సంగతి మరిచిపోయి లెక్కలు వేస్తే అవి తప్పుతాయి.

ఊళ్లో బజార్లు లేకనా అంటే, బోలెడున్నాయి. గుడ్డలకీ గాజులకీ చిన్నబజారు, పెద్దబజారు. బంగారానికి ఆచారి వీధి. బియ్యానికీ టోకు సరుకులకీ స్టోన్‌హౌస్‌పేట. పాత మద్రాసు–కలకత్తా దారి ఊరి నడుమనుంచి పోయిన చోట ట్రంకురోడ్డు. 1884లో మున్సిపాలిటీ అయిన ఊరు ఇది. 2004లో కార్పొరేషన్ అయింది. 2001 జనాభా లెక్కల్లో నాలుగు లక్షల లోపున్న జనం 2011 నాటికి ఇంచుమించు ఐదు లక్షలయ్యారు. మాగుంట లేఅవుట్, మినీ బైపాస్, వేదాయపాళెం... ఊరు పెరిగిన ప్రతి వైపుకీ ఓ షోరూమ్ వెంటే వెళ్లింది.

మాల్ అంటే ఏది?

ముందు ఓ చిక్కు విప్పాలి. తెలుగు పట్టణాల్లో ‘షాపింగ్ మాల్’ అనే బోర్డున్న భవనం చాలాసార్లు మాల్ కానే కాదు. ఒకే యజమాని, ఐదంతస్తుల బట్టల కొట్టు. కింద చీరలు, పైన డ్రెస్సులు, ఆపైన పిల్లల బట్టలు. సౌత్ ఇండియా షాపింగ్ మాల్, చెన్నై షాపింగ్ మాల్... పేర్లే చూడండి! పక్కరాష్ట్రపు రాజధాని పేరు పెట్టుకుని మన ఊళ్లలో చీరలు అమ్మడం కన్నా చెన్నై మోజుకి రుజువేం కావాలి?

అసలు సిసలు మాల్ వేరు. అక్కడ యజమాని ఏమీ అమ్మడు, చోటు అద్దెకిస్తాడు. దర్గామిట్టలోని ఎంజీబీ మాల్ ఆ తరహాది. అందులోకి వచ్చిన సినిమా హాళ్లు కూడా చెన్నై సరుకే. అక్కడ సత్యం థియేటర్లు నడిపిన ఎస్‌పీఐ సంస్థ ‘ఎస్2’ పేరుతో వాటిని తెరిచింది. ఆదివారం సాయంత్రం అటు వెళ్తే బుచ్చిరెడ్డిపాళెం, కోవూరు, ఇందుకూరుపేట నుంచి వచ్చిన కుటుంబాలు కనిపిస్తాయి. ఎస్కలేటర్ మొదటి మెట్టు దగ్గర ఆగిపోయిన అవ్వ, చెయ్యి పట్టుకుని లాగే మనవరాలు, ఏసీలో కాసేపు కూర్చుని ఐస్‌క్రీమ్ తిని లేచే కాలేజీ పిల్లలు. అంతమందిలో సంచీతో బయటికి వెళ్లేవాళ్లు ఎందరన్నదే యజమానికి నిద్రపట్టనివ్వని లెక్క. తిరిగేవాళ్లు వేరు, కొనేవాళ్లు వేరు.

సంక్రాంతికి జేబు ఖాళీ

దేశమంతటా బ్రాండెడ్ కంపెనీలు మిగులు సరుకు మీద పెద్ద తగ్గింపులు ప్రకటించేది ఏడాదికి రెండుసార్లు... జనవరిలో, జులైలో. పైగా జనవరి అంటే సంక్రాంతి. గోదావరి, కృష్ణా జిల్లాలకి ఇది అతికినట్టు సరిపోతుంది. సార్వా పంట కోసి, అమ్మి, డబ్బు చేతిలో పెట్టుకున్న రైతుకి అప్పుడే పండగ.

నెల్లూరు కథ వేరు. ఇక్కడ వానలు ఈశాన్య రుతుపవనాలవి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కురుస్తాయి. పెన్నా డెల్టాలో పెద్ద పంట రబీయే. సంక్రాంతి నాటికి నాట్లు పడి చేను పచ్చగా ఉంటుంది, జేబు మాత్రం ఖాళీగా ఉంటుంది. విత్తనానికీ ఎరువుకీ కూలికీ అప్పు చేసి కూర్చున్న రోజులవి. కోతలు మార్చి, ఏప్రిల్‌లలో. రేటు కుదిరేది పుట్టి లెక్కన, పుట్టి అంటే ఇక్కడ 850 కిలోలు. ఉగాదికి అటూ ఇటూగా డబ్బు కదులుతుంది. వెంటనే పెళ్లిళ్లు. సోమశిలలో నీళ్లుంటే ఎడగారు పంట కూడా వేస్తారు. 78 టీఎంసీల ఆ జలాశయం నిండిందా లేదా అన్నదాన్ని బట్టే మరుసటి వేసవిలో చిన్నబజారు గల్లాపెట్టె మోగుతుంది.

తీరానికి వెళ్తే లెక్క ఇంకా గమ్మత్తుగా ఉంటుంది. విడవలూరు, ఇందుకూరుపేట, ముత్తుకూరు వైపు రోడ్డుకి రెండు పక్కలా రొయ్యల గుంటలే. నీళ్లు చిలికే ఏరియేటర్ల చప్పుడు రాత్రంతా ఆగదు. వనామీ రొయ్య మూడున్నర, నాలుగు నెలల్లో చేతికొస్తుంది. కిలోకి ఎన్ని తూగితే అంత ‘కౌంట్’, దాన్ని బట్టి ధర. పంట తగిలితే కొత్త కారు, ఆచారి వీధిలో హారం. వైరస్ తగిలితే వారంలో గుంట ఖాళీ. 1990ల మధ్యలో తెల్లమచ్చ రోగం ఈ తీరాన్ని అలాగే ఊడ్చేసింది. ఆపైన 1996 డిసెంబరులో తీరప్రాంత రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. 2009 తర్వాత వనామీ వచ్చాక మళ్లీ గుంటలు కళకళలాడాయి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి పెంచేసరికి ఆ దెబ్బ నేరుగా ఈ గుంటల గట్లమీద పడింది. వాషింగ్టన్‌లో సంతకం పెడితే నెల్లూరులో చీరల బేరం తగ్గడమంటే ఇదే!

మరి మాల్ అద్దె? అది పంట చూడదు, వైరస్ చూడదు. చదరపు అడుగుకింత చొప్పున నెల మొదట్లోనే కట్టాలి. ఏసీ, లిఫ్టులు, కాపలా, ఊడ్చే పని... వీటికి మెయింటెనెన్స్ ఛార్జి అదనం. అమ్మకాల్లో శాతం ఇచ్చే ఒప్పందాలున్నా కనీస అద్దె తప్పదు. జనాన్ని రప్పించే పెద్ద దుకాణానికి యజమాని అద్దె తగ్గించి ఇస్తాడు, ఆ లోటు చిన్న షాపుల మీద వేస్తాడు. పెద్దవాడు ఒక్కసారి లేచిపోయాడా, చిన్నవాళ్లకి అడిగే దిక్కుండదు. 2022లో ఫ్యూచర్ గ్రూపు కూలిపోయి బిగ్‌బజార్ బోర్డులు దిగిపోయినప్పుడు దేశంలో ఎన్నో మాల్స్‌కి ఈ సంగతి అనుభవమైంది.

నెలజీతాల ఆసరా

మాల్‌ని కాపాడేది నెలనెలా జీతం అందుకునే కుటుంబం. నెల్లూరులో అలాంటి కుటుంబాలు గతంలోకన్నా ఎక్కువే. 2008లో కృష్ణపట్నం పోర్టు మొదలైంది. ఆ తర్వాత దాని చుట్టూ థర్మల్ కేంద్రాలు వచ్చాయి. ఆసుపత్రులు, కాలేజీలు సరేసరి. దక్షిణాన శ్రీహరికోట ఉద్యోగులు ఎప్పటినుంచో ఉన్నారు. వీళ్లంతా కలిసి ఒక మాల్‌ని నిలబెట్టారు. కానీ అదే తరహాది ఇంకోటి కడితే కొత్త జనం పుట్టుకురారు. అదే ఆదివారాన్ని ఇద్దరూ పంచుకోవాలి.

హైదరాబాద్ అనుభవమే చూడండి. కూకట్‌పల్లిలో 2014లో ఫోరమ్ సుజనా మాల్ తెరిచారు. కొద్ది దూరంలోనే మంజీరా మాల్. చుట్టూ అపార్ట్‌మెంట్లు, సాఫ్ట్‌వేర్ జీతాలు. అయినా మంజీరా చేతులు మారి 2023లో లులూ మాల్‌గా తెరుచుకుంది, ఫోరమ్ కాస్తా నెక్సస్ అయింది. 2011లోనే 67 లక్షల జనమున్న మహానగరంలో సైతం మొదట కట్టినవాళ్ల పేరు గోడమీద మిగలలేదు. నెల్లూరు అందులో పదో వంతుకూడా లేదు.

ఇక అవుట్‌లెట్ మాల్ సంగతి. ఫ్యాక్టరీలో మిగిలిపోయిన, చిన్నచిన్న లోపాలున్న సరుకుని తక్కువకి అమ్మడంతో ఇది మొదలైంది. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో రెడింగ్ అనే ఊరుంది. వానిటీ ఫెయిర్ కంపెనీ 1970ల్లో అక్కడ పలు కంపెనీల తగ్గింపు దుకాణాల్ని ఒకచోట చేర్చింది. జనం బస్సులు కట్టుకుని వచ్చేవారు. తర్వాత దేశమంతా అలాంటివే లేచేసరికి రెడింగ్ వెలవెలబోయింది. ఈ వ్యాపారానికి ఓ నియమముంది. ఊరికి దూరంగా ఉండాలి. లేకపోతే ఊళ్లో పూర్తి ధరకి అమ్మే తమ షోరూమ్‌కి తామే గండికొట్టుకున్నట్టు!

తమాషా ఏమిటంటే, ఫ్యాక్టరీ అయితే ఇక్కడే ఉంది. తడ దగ్గర మాంబట్టులో అపాచీ కంపెనీ అడిదాస్ బూట్లు తయారుచేస్తుంది. కుట్టేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. కానీ అది సెజ్. గేటు దాటి మన మార్కెట్లోకి రావాలంటే విదేశీ సరుకులాగే సుంకం కట్టాలి. సూళ్లూరుపేట అమ్మాయి పొద్దున కుట్టిన బూటు సముద్రం దాటిపోతుంది. అదే బ్రాండు ఆమె తమ్ముడికి కావాలంటే చెన్నైకో నెల్లూరుకో పోవాలి.

అయితే హైవేమీద జనం ఆగరన్నది మాత్రం అబద్ధం. సూళ్లూరుపేట దగ్గర 2019 ఆగస్టులో ‘వీ ఎపిక్’ తెరిచినప్పుడు పొలాల నడుమ వంద అడుగుల వెడల్పు తెరేమిటని నవ్వినవాళ్లున్నారు. ‘సాహో’ సినిమాతో మొదలైన ఆ హాలుకి ఇటు నెల్లూరు నుంచీ అటు చెన్నై నుంచీ కార్లు వచ్చాయి. 2022లో సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. జిల్లా మారినా ప్రేక్షకులు మారలేదు. కాస్త ఎగువన నాయుడుపేట. విజయవాడ వైపు నుంచి తిరుమల వెళ్లే వాహనాలు శ్రీకాళహస్తి దారి పట్టేది అక్కడే. మొక్కు తీర్చుకుని వచ్చేవాళ్లు, శ్రీసిటీ ఉద్యోగులు, చెన్నై కార్లు... అవుట్‌లెట్ మాల్ ఎక్కడైనా బతుకుతుందంటే ఆ కూడలి దగ్గరే. అదీ ఒక్కటి. ఎదురుగా రెండోది లేస్తే రెంటికీ రెడింగ్ గతే! వానాకాలం సంగతి సరేసరి. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర హైవేనీ రైలు పట్టాల్నీ కోసేసినప్పుడు ఈ దారిలో ఎక్కడి బళ్లు అక్కడే ఆగిపోయాయి.

దర్గామిట్ట మాల్‌కి దగ్గర్లోనే స్వర్ణాల చెరువు. మొహర్రం రోజుల్లో రొట్టెల పండగకి లక్షలమంది వస్తారు. పెళ్లి రొట్టె, ఉద్యోగ రొట్టె, ఇంటి రొట్టెతోపాటు వ్యాపార రొట్టె కూడా అక్కడ చేతులు మారుతుంది. కొత్త మాల్ కట్టాలనుకునేవాళ్లు ఓ రొట్టె పట్టుకుంటే నష్టమేం లేదు.

ఈ పోటీలో బోర్డులు, లైట్లు లేని మూడో పార్టీ ఒకటుంది. చిన్నబజారు పాత కొట్లు. తరుగూ తాలూ పోయి ధాన్యం డబ్బు అందేదాకా, గుంటలో రొయ్య ఎదిగేదాకా పల్లెల్నుంచి వచ్చే పాత ఖాతాదారుకి కూతురి ఓణీల ఫంక్షన్ బట్టలు అరువిచ్చేది అవే. మాల్‌లో బిల్లు కట్టందే సంచి చేతికి రాదు. కార్డు మీద వాయిదాలున్నాయి గానీ, వాయిదా కూడా నెలకోసారే. పెద్ద మాల్స్ రెండు మూడు వచ్చి జీతగాళ్ల బేరం మొత్తం అటు మళ్లితే, పాత కొట్టుకి మిగిలేది అరువు బేరం ఒక్కటే. రొక్కం బేరం లేకుండా అరువు ఎన్నాళ్లిస్తాడు? అప్పుడు ఇబ్బంది కొట్టువాడికన్నా ముందు గుంట గట్టుమీదున్నవాడిది.

ప్రస్తుతానికి ఎర్ర అట్ట ఖాతా పుస్తకాలు గల్లాపెట్టెల పక్కనే ఉన్నాయి. ఊరి పేరు, ఇంటిపేరు, కింద పద్దు. కోతలయ్యాక ఆ పద్దుల మీద అడ్డగీతలు పడతాయి. ఎడగారు నాట్ల వేళకి మళ్లీ కొత్త పేజీ తిప్పుతారు.