జత సొరుగుల బల్లలు

అడ్డతీగలలో మా యింట రెండు మహాగని సొరుగుల బల్లలుండెను. మా ముత్తాతగారు వాటిని ఒకే కొలతకు జతగా చేయించిరి. అల్లూరి సీతారామరాజుగారి దండు ఇచ్చటి పోలీసు స్టేషను మీదికి వచ్చిన 1922 నాటికే అవి పాతవని మామ్మ చెప్పెడిది. మహాగని మన కొండల చెట్టు కాదు. మన అడవిలో టేకు, వేగిస, నల్లమద్ది కలవు. అమెరికా ఖండపు మహాగని 1795లో కలకత్తా తోటకు వచ్చెను.

నాన్నగారు పోయిన యేట అన్నయ్యయు నేనును చెరొకటి తీసుకొంటిమి. పొలము గట్టు దగ్గర మాట పెరిగి, పలుకరింపు మానితిమి. ఆ శ్రావణపు వానలలో నా సొరుగు బిగిసెను. కోపముతో అంచులు చిత్రిక పట్టితిని. వేసవిలో చెక్క ఆరి తగ్గెను. సొరుగు వదులై ఊగులాడెను. ఏడేండ్లు అట్లే గడిపితిని.

చివరకు వడ్రంగి చూచి, "చెక్క వానకు ఉబ్బుతుంది, ఎండకు తగ్గుతుంది బాబూ. కొవ్వొత్తి రాసి ఆగవలసింది. అన్నగారి బల్ల కొలత తెండి, బద్ద వేస్తాను" అనెను.

కొలతకై అన్నయ్య గుమ్మమెక్కితిని. ఆయన ఏమియు అడుగలేదు. సొరుగు లాగి నా చేతికిచ్చి, "అన్నం తిని పట్టుకెళ్లరా" అనెను.

ఆ బద్ద అతుకు నేటికిని కనబడును. చదువరీ, వానకాలపు బిగువునకు చిత్రిక తీయకుము. ఇప్పటికే తీసియుంటివా? కొలతకై నేడే బయలుదేరుము.