కారుకు పిట్టగోడ



కామారెడ్డిలోను ఎల్లారెడ్డి వైపు గ్రామములలోను మేము గృహదర్శనములకు వెళ్లినప్పుడు, కొత్త కారుకు ప్రార్థన చేయుమని అడుగు కుటుంబములు ఈ మధ్య పెరిగినవి. సంతోషమే. సైకిలుమీద మందిరమునకు వచ్చిన తండ్రుల బిడ్డలను దేవుడు దీవించెను. అయితే ప్రార్థన ముగిసిన పిమ్మట మేము ఒక వాక్యభాగము జ్ఞాపకము చేయుచున్నాము. అది ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము 8వ వచనము.

కొత్త ఇల్లు కట్టుకొనువాడు ఇంటి పైకప్పుకు పిట్టగోడ కట్టవలెను. ఎవరైనా జారిపడి చనిపోయిన యెడల ఆ దోషము ఆ ఇంటిమీదికి వచ్చునని అక్కడ ఉన్నది. దేవుడు చూచుకొనునులే అని పిట్టగోడ మానుకొనుట విశ్వాసము కాదు. కారుకు కూడ పిట్టగోడ కావలెను.

మొన్నటి వేసవిలో ఒక పెండ్లి ఆరాధన జరుగుచుండగా, బయట ఆగియున్న కారులో రెండేండ్ల బాబు ఒంటరిగా నిద్రపోవుచున్నాడు. ఇంజను నడుచుచున్నది, అద్దములన్నియు మూసియున్నవి. తండ్రిని పిలిపించితిమి. "ఏసీ వేసే వచ్చిన గద అయ్యగారూ, లోపల ఉక్కపోస్తుందని సల్లగ పండుకోబెట్టిన" అన్నాడు. ప్రేమతోనే చేసినాడు. విషయము చెప్పగానే బాబును భుజాన వేసుకొని లోపలికి వచ్చి ఫ్యాను క్రింద కూర్చున్నాడు. ఆయనకు చెప్పినదే మీకును చెప్పుచున్నాము.

కారు ఏసీ ఇంజనుమీద ఆధారపడి నడుచును. పెట్రోలు అయిపోయినను, ఇంజను వేడెక్కి ఆగినను, బిడ్డ చేయి ఏదో మీటకు తగిలినను చల్లదనము ఆగిపోవును. ఎండలో మూసియున్న కారులో పది నిమిషములకే సుమారు 10 డిగ్రీల వేడి పెరుగును. అద్దము కొంచెము దించినను పెద్ద తేడా ఉండదు. పసిపిల్లల శరీరము పెద్దలకంటె 3 నుండి 5 రెట్లు త్వరగా వేడెక్కును. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల దగ్గర దామరగిద్దలో ఇద్దరు ఆడపిల్లలు, మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు, ఆగియున్న కారులోనికి ఎక్కి బయటకు రాలేక ప్రాణములు విడిచిరి.

రెండవ ప్రమాదము కంటికి కనబడదు. ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు ఉన్నది. దానికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తము ప్రాణవాయువుకంటె దానిని 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును. సైలెన్సరు గొట్టము చిల్లిపడినను, షట్టరు వేసిన షెడ్డులో ఇంజను నడిపినను అది కారులోనికి చేరవచ్చును. నిద్రలో ఉన్నవానికి తెలియనే తెలియదు. 2024 డిసెంబరులో కేరళలోని వడకరలో, ఆగియున్న కారవాన్‌లో జనరేటరుతో ఏసీ వేసుకొని పండుకొనిన ఇద్దరు ఈ వాయువువలననే మరణించిరి. బ్యాటరీ కార్లలో ఈ పొగ లేదు గాని, వేడి ప్రమాదము వాటికిని ఉన్నది.

కాబట్టి ఇంజను వేసి కారులో నిద్రపోవద్దు. క్రిస్మస్‌కు మెదక్ మహాదేవాలయమునకు రాత్రి ప్రయాణమై అలసట వచ్చినయెడల, ఇంజను ఆపి, అద్దములు దించి విశ్రమించండి. షెడ్డులో కారు నడిపించి ఉంచవద్దు. సర్వీసింగులో సైలెన్సరు గొట్టమును కూడ చూపించండి. కారులో తలనొప్పి, కళ్లు తిరుగుట, వాంతి వచ్చినట్లుండుట కలిగితే వెంటనే ఇంజను ఆపి, బయటి గాలిలోనికి వచ్చి 108కి ఫోను చేయండి. ఐదు నిమిషముల పనియైనను పిల్లలను, ముసలివారిని కారులో విడిచి వెళ్లవద్దు. ఇంటివద్ద తలుపులు లాక్ చేసి, తాళపుచెవి పిల్లలకు అందనిచోట పెట్టండి.

మన సంఘములోని యౌవనస్థులకు ఒక మనవి. ఆదివారము ఆరాధన జరుగుచుండగా ఒకరు లేచి ఆవరణలోని కార్లన్నిటిలోనికి తొంగిచూచి రండి. ప్రసంగము మధ్య లేచిపోయినారని మేము ఏమియు అనుకొనము. అదియు ఆరాధనయే. ప్రభువు మన బిడ్డలందరిని కాపాడును గాక. ఆమేన్.