లాగకండి

మా ఇంటికి వచ్చేవాళ్ల చేతులు ఊరికే ఉండవు. మేం పెంచుతున్న ఇగువానా అనే పెద్ద బల్లి వీపు మీద సగం లేచి ఆడుతున్న పొర కంటబడగానే రెండు వేళ్లు ముందుకు సాగుతాయి. "లాగేస్తే పోతాది కదన్నా!" పోయేది పొర ఒక్కటే అయితే నాకేం బాధ? అడుగున కొత్త చర్మం ఇంకా గట్టిపడి ఉండదు. లాగితే అదీ చిరుగుతుంది.

బెంగళూరులో ఎవరో సరదాకు కొని, మోజు తీరాక వదిలేసిన ప్రాణి ఇది. మేనల్లుడు తెచ్చి నా నెత్తిన పెట్టాడు. దాని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికాల తడి అడవులు. వచ్చి పడింది సామల్పట్టిలో. భూగర్భ శాస్త్రం చదివినవాళ్లు కార్బనటైట్ రాళ్ల కోసం వెతుక్కుంటూ వచ్చే ఊరు మాది. జోలార్‌పేట, సేలం రైలు దారిలో ఎండాకాలం ప్రయాణం చేసినవాళ్లకు ఇక్కడి పొడి గాలి గురించి వేరే చెప్పాలా?

తేమ లేకపోతే పొర సరిగా ఊడదు. పాముకు మామూలుగా కుబుసం ఒక్క తొడుగుగా వచ్చేస్తుంది. ఇగువానాలకు పీలికలు పీలికలుగా రాలుతుంది. ఒళ్లంతా రాలినా వేళ్ల చుట్టూ, తోక కొసన, వెన్ను ముళ్ల మీద కొంత అంటుకుని ఉండిపోతుంది. అది ఎండి బిగుసుకుంటే నెత్తురు ఆడక వేలు నల్లబడి రాలిపోతుంది. మా దానికి వచ్చేటప్పటికే ఒక వేలు లేదు. గోరువెచ్చని నీళ్ల తొట్టి, గూట్లో తడిగుడ్డ, రోజూ వేళ్లు చూసుకోవడం, ఇంతే వైద్యం. మిగతాది ఓపిక. ఇలాంటి విదేశీ జీవుల్ని కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్లో నమోదు చేయాలని 2024లో నిబంధనలు వచ్చాయి. ఆ పనీ అయింది. మన ఉడుమునైతే ఇంట్లో పెంచనే కూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు.

బల్లుల బాధ ఎవరికీ పట్టదని నా కోపమంతా పంచాంగం మీద. బల్లి నడినెత్తిన పడితే ఒక ఫలం, భుజాన పడితే ఒకటి, మగవాళ్లకు ఒక పట్టిక, ఆడవాళ్లకు ఇంకొకటి. పడిన చోటల్లా రాసుకున్నారు, పడిన బల్లి ఏమైందో ఒక్క గడిలోనూ రాయలేదు. గోడబల్లి తన పొరను తానే తినేస్తుంది గనుక దానికీ ఈ తంటా ఉందని ఎవరికీ తోచదు. బల్లి పడిందంటే తలస్నానం మనకే, దోష పరిహారం మనకే.

పరిహారం అంటే కంచి. వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని, వెండి బల్లిని తాకి వస్తే దోషం పోతుందని మా పెద్దమ్మ నమ్మకం. వాటి కథేమిటంటే, తీర్థంలో బల్లి పడింది చూసుకోని శిష్యులను గురువు బల్లులు కమ్మని శపించాడట. ఇన్నేళ్లుగా ఇన్ని చేతులు తడుముతున్నా వాటికి పొర ఊడే బాధ లేదు, అదృష్టవంతులు.

పెద్దమ్మ బల్లి పేరు చెప్పి వెళ్లేది గాని, ఆమె మనసంతా ఆ గుడి ఇడ్లీ ప్రసాదం మీదే. మిరియాలు, జీలకర్ర, శొంఠి వేసి, వెదురు బుట్టలో ఆకు పరిచి ఆవిరి పట్టే ఇడ్లీ. మరునాటికీ పాడుకాదు. ఈ మధ్య హోటళ్లలో మామూలు ఇడ్లీ పిండిలో నాలుగు మిరియాలు చల్లి కంచి ఇడ్లీ అని పెడుతున్నారు. శొంఠి ఏదని అడిగితే వడ్డించే కుర్రాడు చట్నీ తెచ్చి పోస్తాడు.