ఇస్తానన్న చీర

మాఘమాసం వచ్చిందని మా ఊళ్ళో పంచాంగం చెప్పక్కర్లేదు. కళ్ళాల్లో ఎండబోసిన మిరపకాయల ఘాటు పొద్దెక్కేసరికి ఊరంతా కమ్ముకుని, బడికెళ్ళే పిల్లల దగ్గర్నుంచి అరుగుమీద చుట్ట కాల్చుకునే ముసలాళ్ళ దాకా అందరూ తుమ్ముతూ ఉంటే, ఆ తుమ్ముల మధ్యే మా నాయనమ్మ వాకిట్లోంచి మా నాన్నని కేకేసేది, "ఒరే పెద్దోడా, పున్నమి దగ్గరికొచ్చింది, బండి ఇరుసుకి కందెన పెట్టావా లేదా?" అని. పున్నమి అంటే మాఘ పున్నమి, పెనుగంచిప్రోలులో తిరుపతమ్మ పెద్ద తిరునాళ్ళ. ఆ ఒక్క కేక కోసం మేం పిల్లలం సంక్రాంతి మర్నాటి నుంచీ చెవులు రిక్కించుకుని ఉండేవాళ్ళం.

నందిగామకీ జగ్గయ్యపేటకీ మధ్య, హైదరాబాదు రోడ్డు దిగి లోపలికి నడిస్తే, మునేటికి కూతవేటు దూరంలో మా ఊరు. కృష్ణా జిల్లా అనగానే అందరికీ వరిచేలూ కాలవలూ కొబ్బరిచెట్లూ గుర్తొస్తాయిగానీ, మాది మెట్ట. నల్లరేగడిలో పత్తి, మిరప, కంది, జొన్న. వాన పడితే పంట, లేకపోతే లేదు. గుడివాడ వైపు చుట్టాలు వచ్చినప్పుడు మా ఇంట్లో జొన్నన్నం చూసి పాపం అనుకునేవాళ్ళేమో, మాకు మాత్రం జొన్నన్నంలో గోంగూర పచ్చడి, ఇంత నూనె ఉంటే అదే పండగ. ముక్త్యాల రాజావారు వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారు నాగార్జునసాగర్ కోసం ఎంతెంత తిరిగారో పెద్దవాళ్ళు కథలుగా చెప్పుకునేవాళ్ళు. 1955లో నెహ్రూగారు శంకుస్థాపన చేశారు, 1967లో కాలవలకి నీళ్ళొదిలారు. ఎడమ కాలవ చివరికంటా ఉన్న మా మెరక చేల దాకా అవి ఎక్కిరావడం మాత్రం వేరే సంగతి. కాలవ వచ్చాక కూడా మా నాన్న ఆకాశం వంక చూడడం మానలేదు.

మా తాతయ్య నేను పుట్టకముందే పోయాడు. నాయనమ్మే ఇల్లు నడిపింది. ముగ్గురు కొడుకులు, ఇద్దరు ఆడపిల్లలు, కొంత సొంత చెక్క, కొంత కౌలు. తెల్లారుజామున లేచి పాలు పితికి, కవ్వం వేసి, మజ్జిగ పక్కన పెట్టి, వెన్న దుత్తలోకి తీసి, ఆ వెన్న చేతులతోనే మా చెంపలు నిమిరి లేపేది. చలికి పగిలిన మా బుగ్గలకి అదే మందు. స్నానం చేసి తడిబట్టతో తులసికోట దగ్గర నిలబడి ఏదో గొణుక్కునేది. మంత్రాలు కావు, ఆవిడకి చదువు రాదు. దగ్గరికెళ్ళి వింటే ఇంటి సంగతులు వినపడేవి. ఎర్రావు ఈనలేదు, రెండో పిల్లకి సంబంధం కుదరట్లేదు, మిరపకి ముడత వచ్చింది. అన్నీ తిరుపతమ్మకి చెప్పుకునేది, ఏదో పక్కింటి వదినగారితో గోడమీంచి చెప్పుకున్నట్టు.

ఆ తల్లి కథ ఆవిడ నోటే విన్నాను నేను. రాత్రి భోజనాలయ్యాక వసారాలో లాంతరు పెట్టుకుని, ఎండిన కాయల్లో తాలుకాయలు ఏరుతూ, ఎర్రకాయలు ఒకపక్కకి తోస్తూ చెప్పేది. వేళ్ళు మండుతుంటే మధ్యమధ్యలో ఆముదం రాసుకుని మళ్ళీ ఎత్తుకునేది. అనిగండ్లపాడులో కొల్లావారింట పుట్టిన పిల్ల. తిరుపతి వెంకన్నకి మొక్కితే పుట్టిందని తిరుపతమ్మ అని పేరు పెట్టుకున్నారు. పెనుగంచిప్రోలు కాకానివారి గోపయ్యకిచ్చి పెళ్ళి చేశారు. కాపురానికొచ్చాక అత్తగారింట ఆరళ్ళు. కరువొచ్చి గోపయ్య పశువుల్ని తోలుకుని అడవులకెళ్ళాడు. ఇంట్లో ఆ పిల్లకి కుష్ఠు సోకింది. పశువుల కొట్టంలో పడేస్తే, కన్నవాళ్ళూ కట్టుకున్నవాడూ ఎవరూ దగ్గర లేనప్పుడు, పాపమాంబ అనే ఆవిడ వచ్చి పుండ్లు కడిగి, గంజి పట్టి, పక్కన కూచుంది. అక్కడ గోపయ్యని పులి చంపింది. ఇక్కడ ఈవిడ అగ్నిలో ప్రవేశించింది. మూడు నాలుగు వందల ఏళ్ళ కిందటి మాటంటారు.

1963లో ఎన్టీ రామారావు, కృష్ణకుమారి వేసిన "తిరుపతమ్మ కథ" సినిమా వచ్చింది. కొన్నాళ్ళకి టూరింగు టాకీసులో ఆడితే ఊరు ఊరంతా బళ్ళు కట్టుకుని వెళ్ళి ఏడ్చుకుంటూ వచ్చారు. నాయనమ్మ కూడా వెళ్ళింది. అయినా నాకు సినిమా కంటే లాంతరు వెలుగులో విన్నదే గుర్తు. పాపమాంబ దగ్గరికొచ్చేసరికి ఆవిడ గొంతు తగ్గేది, చేతులు ఆగిపోయేవి. పులి దగ్గర కూడా అలా ఆగేవి కావు.

మా చిన్నాన్నకి జబ్బు చేసింది నేను నాలుగో తరగతిలో ఉండగా. మూడో కొడుకు, ఇంకా పెళ్ళి కాలేదు. ఎడ్లని ఉరికించడంలో చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్నవాడు, నన్ను భుజాలమీద ఎక్కించుకుని మునేరు దాటించేవాడు. ముందు దగ్గు, తర్వాత జ్వరం, తర్వాత నెత్తురు. నందిగామలో చూపించారు, బెజవాడ తీసుకెళ్ళారు. నాయనమ్మ మెళ్ళో నానుతాడు జగ్గయ్యపేట వెళ్ళి వచ్చేసరికి మందులయింది. తర్వాత పాడి బర్రె వెళ్ళింది. ఆ సంగతులు మాట్లాడుకుంటూ ఎవరూ గొంతు పెంచిన గుర్తు లేదు. బర్రెని తోలుకెళ్ళేవాడికి మజ్జిగిచ్చి, దానికి ఏ మేత ఇష్టమో చెప్పి పంపింది నాయనమ్మ.

ఆ రోజుల్లోనే ముడుపు కట్టింది. పసుపులో ముంచి ఆరబెట్టిన గుడ్డముక్కలో రూపాయి బిళ్ళ, పసుపు కొమ్ము, వక్క పెట్టి, మూడు ముళ్ళేసి, వంటింటి వాసానికి వేలాడదీసింది. అమ్మకి చీర పెడతానని మొక్కుకుంది. జరీ అంచు చీర. మా ఇంట్లో ఏ ఆడమనిషీ అప్పటికి జరీ అంచు కట్టి ఎరగదు. పొయ్యి పొగకి ఆ ముడుపు రంగు మారుతూ వచ్చింది. కార్తీకంలో చిన్నాన్న పోయాడు.

ఏడాది మైల కాబట్టి ఆ మాఘానికి మా బండి కదల్లేదు. ఊళ్ళో అందరి బళ్ళూ గజ్జెలతో వెళ్ళిపోతుంటే మేం పిల్లలం అరుగుమీద కూచుని చూశాం. సంవత్సరీకం అయ్యాక, మరుసటేటి మాఘానికి, నాయనమ్మ మా నాన్నని జగ్గయ్యపేట పంపి చీర తెప్పించింది. ఆకుపచ్చ నేత, సన్నటి జరీ అంచు. దాన్ని ట్రంకుపెట్టెలో ఎండు వేపాకుల మీద పెట్టింది. ఆ ఏడు పత్తి ధర బాగాలేదు, డబ్బు ఎక్కడ సర్దాడో నాన్నకే తెలియాలి. మా మేనత్త మాత్రం ఊరుకోలేకపోయింది. "తమ్ముణ్ణి దక్కించలేదుగా అమ్మా ఆవిడ, ఇంకా ఎందుకే ఈ చీర" అంది కళ్ళనీళ్ళతో. నాయనమ్మ ట్రంకుపెట్టె మూత వేస్తూ, "బతికిస్తే ఇస్తానని బేరం పెట్టానటే నేను? ఇస్తానన్నాను, ఇవ్వాలి. దాని మొగుణ్ణే పులి ఎత్తుకుపోతే ఆపుకోలేకపోయింది ఆ పిచ్చితల్లి. నా కొడుకుని ఆపలేదని దాన్నేమంటాను" అంది. అంతే. అత్తయ్య మళ్ళీ మాట్లాడలేదు, పొయ్యిమీద పాలు చూడ్డానికి వెళ్ళిపోయింది.

ఈ మాట పెద్దయ్యాక, నా ఇంట్లో నాకూ అలాంటి కార్తీకం ఒకటి వచ్చినప్పుడు, మళ్ళీ నా దగ్గరికొచ్చింది. దేవుడనేవాడు పైన కూచుని అన్నీ నడిపిస్తాడని పుస్తకాల్లో చదివినవాళ్ళకి, నడిపించినవాడు ఎందుకిలా చేశాడన్న ప్రశ్న వస్తుంది. మా నాయనమ్మకి ఆ ప్రశ్న రాలేదని కాదు. ఆవిడ కొలిచినావిడ అత్తగారి ఆరళ్ళు పడింది, కరువు చూసింది, జబ్బుతో కొట్టంలో పడుంది, మొగుణ్ణి పోగొట్టుకుంది. ఆవిడకి చెప్పుకుంటే తెలుస్తుంది. కష్టం తీరుస్తుందా లేదా అన్నది తర్వాత. ఆ నమ్మకాన్నే నేను నమ్మకమంటాను, ఇప్పటికీ.

ఆ ఏటి ప్రయాణం నాకు కళ్ళకి కట్టినట్టుంది. రాత్రి రెండో జాములో బండి కట్టారు, అడుగున వరిగడ్డి, దానిమీద బొంత, గూడుకి కంబళి. బియ్యం, పెసరపప్పు, బెల్లం, పొంగలికి కొత్త గురిగి, ఎండు కంపలు. నాయనమ్మ ఒళ్ళో చీర. దాంతోపాటు పసుపు పొట్లం, కుంకం పొట్లం తనే కట్టింది. తాతయ్య పోయినప్పటి నుంచీ తన నుదుటిమీద లేని కుంకాన్ని, చిటికెడు కూడా ఒలకనీయకుండా, కాగితం నాలుగు వైపులా మడిచి దారం చుట్టింది. చలికి ఎడ్ల ముక్కుల్లోంచి పొగ. దారి పొడుగునా ముందొక బండి, వెనకొక బండి, లాంతర్లు ఊగుతూ. తెల్లారేసరికి మునేటి ఇసుకలో వందల బళ్ళు విప్పి ఉన్నాయి. ఏట్లో మునిగి, వణుకుతూ, ఇసుకలోనే మూడు రాళ్ళు పెట్టి పొంగలి పెట్టి, బోనం ఎత్తుకుని, డప్పుల మధ్య నడిచాం. మాకు కావలసిన రంగులరాట్నం, జీళ్ళు, బూరలు, గాజుల కొట్లు అన్నీ దాటుకుంటూ ముందు గుడికే వెళ్ళాలి. చీర ఇచ్చేసి వచ్చాక నాయనమ్మ మా అందరికీ జీళ్ళు కొనిపెట్టింది, మునుపటికంటే ఎక్కువే.

ఆ గుడిలో విగ్రహాలు చెక్కవి. రెండేళ్ళకోసారి అమ్మవారినీ గోపయ్యస్వామినీ సహదేవతల్నీ జగ్గయ్యపేట రంగుల మండపానికి తీసుకొచ్చి కొత్త రంగులు వేయిస్తారు. రంగులయ్యాక తిరిగి పెనుగంచిప్రోలుకి ఊరేగింపుగా వెళ్తుంటే ఊళ్ళవాళ్ళు ఎదురొచ్చి పసుపునీళ్ళు వారపోసేవాళ్ళు. ఒకసారి రంగులకి ముందు చూసి నాయనమ్మ, "చూడరా, అమ్మ చెంపల మీద రంగు ఎలా వెలిసిపోయిందో, ఎంత అలిసిపోయిందో" అని బాధపడింది. తన కూతురు పుట్టింటికి వస్తే అచ్చం అలాగే అనేది.

జగ్గయ్యపేట అంటే మాకు సంత, గుడ్డల కొట్లు, బంగారం కొట్లు. ఊరి పక్కన ధనంబోడు అనే దిబ్బ మీద బౌద్ధ స్తూపం ఉందనీ, 1882లో బర్జెస్ దొర తవ్వించాడనీ, బొమ్మలు మద్రాసు మ్యూజియంకి వెళ్ళాయనీ కాలేజీలో చదువుకున్నాక గానీ తెలియలేదు. అక్కడ ఆయక స్తంభాలనే అయిదు రాతికంబాలు నిలిపింది రాజు కాదు, సిద్ధార్థుడనే శిల్పి. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో పాలనా సంవత్సరంలో, తల్లి నాగిలానినీ భార్య సముద్రానినీ కలుపుకుని, సకల జీవుల మేలు కోరి ఇచ్చానని చెక్కించుకున్నాడు. అది చదివినరోజు నాకు ట్రంకుపెట్టెలోని చీర కనపడింది. రాళ్ళు కొట్టి బతికేవాడు రాళ్ళే ఇచ్చాడు.

మా మిరపకోతలకి వచ్చే ముఠా మేస్త్రమ్మ క్రైస్తవురాలు. మునేరు పొంగిన ఏడు ఆవిడ గుడిసె గోడలతో సహా కొట్టుకుపోయింది. ఆదివారం పొద్దున ఇంకా తడారని చీరతోనే గుళ్ళోకెళ్ళి వచ్చి, సోమవారం కోతకి దిగింది. నాయనమ్మ ఆవిడకి అడ్డెడు జొన్నలు కొలిచి, "మీ అయ్యవారు ఏం చెప్పాడే" అని అడిగింది. "ఏం చెప్తాడమ్మా, ఆయన్ని సిలువేశారుగా, ఆయనకి తెలీదా" అంది మేస్త్రమ్మ. ఇద్దరూ చెట్టుకింద కూచుని ఆకు వక్క వేసుకున్నారు. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ఇంకేం చెప్పుకోవాల్సిన పని లేదని అప్పుడే నాకు అనిపించింది.

ఇప్పుడు మాది ఎన్టీఆర్ జిల్లా, 2022 నుంచి. ఎడ్లబళ్ళు పోయి ట్రాక్టర్లు, కార్లు వచ్చాయి. ఏర్లు మాత్రం పాతవే. 2023 జూలైలో మునేరు ఐతవరం దగ్గర పెద్ద రోడ్డెక్కి హైదరాబాదు దారి ఆపేసింది. 2024 సెప్టెంబరు మొదట్లో పాలేరు గరికపాడు వంతెన దగ్గర దారి కోసేసింది. ఆ బురదలోంచి చేలు కడుక్కుని మళ్ళీ మిరప నారు పోసినవాళ్ళు మావాళ్ళే.

మాఘ పున్నమికి అటు వెళ్ళేవాళ్ళుంటే, అమ్మవారికి దణ్ణం పెట్టుకున్నాక పాపమాంబని కూడా తలుచుకుని రండి. అనుకున్నది జరక్కపోయినా ఇస్తానన్నది ఇచ్చిన పెద్దవాళ్ళు మీ ఇళ్ళల్లోనూ ఉండే ఉంటారు. వాళ్ళింకా ఉంటే, ఏమిచ్చారో, ఎందుకిచ్చారో ఈ పండక్కే పక్కన కూచుని అడగండి.