అంబాడా, గోంగూర, పుంటికూర

లాల్‌దర్వాజా బోనాలకు ముందురోజు. సింహవాహిని గుడి సందులో తెల్లారకముందే వేపమండలు, గుమ్మడికాయలు, నిమ్మకాయల దండలు పరుచుకుని కూర్చున్నారు. నాకు కావలసింది అక్కడ లేదు. ఆదివారం మాంసంలో పుంటికూర పడకపోతే మా అమ్మకు పండగ జరిగినట్టే ఉండదు. స్కూటర్ తీసి అలియాబాద్, శంషీర్‌గంజ్, ఇంజన్‌బౌలి మీదుగా ఫలక్‌నుమా రైతుబజారుకు పోయాను.

ఉమ్మడి రాష్ట్రంలో 1999 జనవరి 26న రైతుబజార్లు మొదలయ్యాయి. గుర్తింపు కార్డున్న రైతు తన పంటను తానే అమ్ముకోవాలి, ఏ రోజు ధర ఆ రోజు బోర్డు మీద రాయాలి. టోకు మార్కెట్‌లో దొరికేదానికన్నా రైతుకు నాలుగు రూపాయలు ఎక్కువ, బయటి బండికన్నా మనకు నాలుగు రూపాయలు తక్కువ. మాట బాగానే ఉంది. కానీ కాలం దానికి లొంగదు. ఎండలకు మన టమాట తోటల్లో పూత నిలవదు. జూన్, జూలైల్లో నగరమంతా మదనపల్లె లారీల కోసం చూస్తుంది. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు టమాట లేకుండా చారు ఎలా పెట్టాలో అందరం నేర్చుకున్నాం. అదే టమాట చలికాలంలో చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు నుంచి ఎంత వస్తుందంటే, రైతుకు కోతకూలి కూడా గిట్టదు. ఉల్లి, ఆలుగడ్డ కూడా దూరపు చుట్టాలే. అలాంటివి అమ్మడానికే రైతుబజార్లలో మహిళా సంఘాలకు చోటిచ్చారు.

ఆకుకూర అలా కాదు. నెల తిరక్కుండా చేతికొస్తుంది, ఒక్క పూటకే వాడిపోతుంది. లారీలో రెండు రోజులు ప్రయాణం చేయలేదు. అందుకే రైతుబజారుకు పోతే నేను ముందు ఆకుకూరల వరసలోకే నడుస్తాను. ఆషాఢంలో అసలు రైతు అక్కడే కూర్చుంటాడు. కాదు, కూర్చుంటుంది.

"ఏ ఊరవ్వా?"

"మహేశ్వరం దిక్కు, బిడ్డా. రాత్రే పీకి తడిగుడ్డ కప్పినం. తొలి బస్సుకొచ్చిన."

ఇంతలో బురఖా వేసుకున్న ఒకామె వంగి, "అంబాడా తాజా హై?" అంది.

"అబీచ్ లాయీ అమ్మా," అంది అవ్వ, నా కట్టలు కడుతూనే. మా గుంటూరు కోడలు వచ్చి ఉంటే గోంగూర అని అడిగేది. ఆమెకూ జవాబు దొరికేదే.

పక్క గంపలో బోడకాకర. తొలకరి పడితేనే కనిపించే కాయ, మాంసంతో పోటీ పడే ధర. పావుకిలో తూయించి అంతటితో ఆపాను. మామిడి దాదాపు అయిపోయింది, నేరేడు నడుస్తోంది. పాలమూరు సీతాఫలానికి దసరా దాకా ఆగాల్సిందే.

తిరిగొచ్చేసరికి గుడి సందులో నిమ్మకాయల దగ్గర బేరం సాగుతోంది. నకిరేకల్, గూడూరు తోటల్లో వానాకాలం కాపు విరగకాసి నిమ్మ దిగిరావలసిన రోజులివి. బోనాల ముందురోజు మాత్రం దండ కట్టేవాళ్లు దిగరు.

ఇంట్లో అమ్మ కట్ట విప్పింది. వేళ్ల నుంచి తడి ఎర్రమట్టి బండల మీద రాలింది.

"ఇప్పుడే కడిగినరా ఇల్లు," అని నన్నే తిట్టి, ఆకు గిల్లడానికి కూర్చుంది.