శృంగవరపుకోట సంతలో రెండు నాణేలు

విశాఖపట్నం నుండి అరకు వెళ్ళే దారిలో, కొండలు మొదలయ్యేచోట శృంగవరపుకోట ఉంది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఈ ఊరి మీదుగానే సాగి, ఆపై సొరంగాలలోకి ప్రవేశిస్తుంది. కొండచీపుర్లు, చింతపండు, అడ్డాకులతో దిగివచ్చిన గిరిజనుల నడుమ మేము సంతలో తిరుగుతూండగా, పాత నాణేలు పరచుకున్న ఒక వృద్ధుడి ముందు మా అబ్బాయి కూర్చుండిపోయాడు.

"ఇది లఖీ నాణెం బాబూ. లచ్చ రూపాయలంట!" అంటూ ఆయన గుడ్డమూట విప్పి ఒక రూపాయి బిళ్ల చూపించాడు. మనుమరాలి పెళ్ళికి దాచాడట. పక్కనే రేకుడబ్బాలో మరొక రూపాయి ఉంది. "దానికి రెండేపులా సింగాలే. కొట్లో పుచ్చుకోడం లేదు. పది రూపాయలిచ్చి అట్టుకెళ్ళండి" అన్నాడు.

మేము రెండింటినీ చేతిలోకి తీసుకున్నాము. లోపమున్న నాణేలన్నింటినీ జనం 'మిస్‌ప్రింట్' అనే ఒక్క మాటతో సరిపెడతారు. కానీ లోపం ఎక్కడ పుట్టిందో తెలిస్తేనే దానికి సరైన పేరు దొరుకుతుంది. అంచు తెగిన బిళ్ల వాడితే అది బిళ్ల లోపం. అచ్చు పగిలి నాణెంపై ఉబ్బెత్తు గీత పడితే అది అచ్చు లోపం. బొమ్మ ఒక పక్కకు జరిగిపోతే అది దెబ్బ లోపం. మన నాణేలలో బొమ్మ నిటారుగా ఉంచి పక్కకు తిప్పితే బొరుసు కూడా నిటారుగానే కనబడాలి. అది వాలి ఉంటే అచ్చు తిరిగిందన్నమాట. ఇవేవీ కాక టంకశాల దాటాక నలిగినది, అరిగినది, రైలు పట్టాలపై చదునైనది లోపం కాదు, కేవలం దెబ్బతిన్న నాణెం.

'లఖీ' అనేది మన దేశపు సేకర్తలు వాడే మాట. ముద్రించిన నాణెం ఒక్కోసారి బయటకు రాక అచ్చుకే అతుక్కుంటుంది. తరువాతి బిళ్లకు ఒక వైపు అచ్చు దెబ్బ, రెండవ వైపు ఆ అతుక్కున్న నాణెం దెబ్బ తగులుతాయి. అందువల్ల ఒకే బొమ్మ ఒక వైపు ఉబ్బెత్తుగా, మరొక వైపు లోపలికి దిగి అద్దంలోవలె తిరగబడి కనబడుతుంది. ఆ పేరుకూ లక్ష ధరకూ పొత్తు లేదు.

గుడ్డమూటలోని నాణెంపై లోతుగా దిగిన అంకె కింద సింహాల ఆనవాళ్లు నలిగి ఉన్నాయి. వెనుక వైపు చదునుగా అణగారిపోయింది. రెండు నాణేలను కలిపి బిగించి నొక్కితే ఏర్పడే గుర్తులవి. రేకుడబ్బాలోని నాణెం మాత్రం అసలైన లఖీ. ఒక వైపు సింహాలు స్ఫుటంగా ఉన్నాయి, రెండవ వైపు అవే సింహాలు తిరగబడి లోతుగా దిగి ఉన్నాయి. సంవత్సరం, టంకశాల గుర్తు ఉండే బొరుసు అసలు పడనే లేదు. హైదరాబాదుకు నక్షత్రం, ముంబైకి వజ్రం, నోయిడాకు చుక్క గుర్తులు; కోల్‌కతాకు గుర్తే లేదు. ఇది ఎక్కడిదో ఎవరు చెప్పగలరు?

పది రూపాయలు మా జేబులోనే ఉన్నాయి. ధర చెప్పినది ఆయనే. క్షణకాలం మనసు ఊగిసలాడిన మాట దాచము. అప్పుడు దైవప్రవక్త (స) సహచరులు జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) వృత్తాంతం గుర్తుకు వచ్చింది. తన సేవకుడు మూడు వందల దిర్హములకు బేరమాడిన గుర్రం అంతకంటే విలువైనదని ఆయనే యజమానికి చెప్పి, ఎనిమిది వందలు చెల్లించారని ఉల్లేఖనం. అమ్మేవారు మన మతస్థులు కాకపోతే? తూకంలో వంచించేవారిని ఖండించే ముతఫ్ఫిఫీన్ సూరా 'జనులు' అనే అంటున్నది, విశ్వాసులని మాత్రమే కాదు.

మేము ఉన్నదున్నట్లు చెప్పాము. మూటలోని నాణెం గురించి వినగానే ఆయన ముఖం వాడిపోయింది. ఆ మాట చెప్పడమే మాకు కష్టమైంది. రెండవదానిని తోమవద్దనీ, ఇద్దరు ముగ్గురు నాణేల వర్తకులకు చూపకుండా ఇవ్వవద్దనీ, లక్ష వస్తుందని మాత్రం ఆశ పెట్టుకోవద్దనీ చెప్పాము. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, రేకుడబ్బాలోని రూపాయిని గుడ్డలో చుట్టుకున్నాడు.

తిరుగు రైలులో మా అబ్బాయి అడిగాడు, "మనం కొనలేదేం నాన్నా?" ఆ నాణేనికి సరైన పేరు నేర్చుకున్నావు కదా, పది రూపాయలకు కొని ఉంటే మన పనికి కూడా సరైన పేరు పెట్టవలసి వచ్చేదన్నాము.