రెండో ప్రశ్న

మన దగ్గర పెళ్లి కుదిరిన అబ్బాయి ఫోన్ చేస్తే మొదటి మాట “తిన్నవా?” అనే ఉంటుంది. పెళ్లయి ఇరవై ఏళ్లు దాటిన మగాయన డ్యూటీ నుంచి ఫోన్ చేసినా అదే మాట. అది చెడ్డ ప్రశ్న కాదు. కడుపు నిండిందా అని అడగడంలో ప్రేమ లేదని ఎవరంటారు? కానీ “తిన్న” అన్నాక వచ్చే రెండో ప్రశ్న ఏమిటన్న దాని మీదే నాకు పట్టింపు.

మా అక్క కూతురికి ఈ మధ్యే ఎంగేజ్‌మెంట్ అయింది. అబ్బాయి శ్రీరాంపూర్ దిక్కు గనిలో పని చేస్తాడు. నాలుగు రోజులు ఉండిపోదామని పిల్ల జైపూర్‌లో మా ఇంటికి వచ్చింది. రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు మెల్లగా బయటపెట్టింది.

“రోజూ ఫోన్ చేస్తడు చిన్నమ్మా. తిన్నవా అంటడు. ఏం కూర అంటడు. చెప్త. ఇగ ఆ తర్వాత అన్నీ ఆయన డ్యూటీ ముచ్చట్లే. ఆయన దోస్తులందరి పేర్లు నాకు తెలుసు. నా దోస్తు ఒక్కతి పేరు ఆయనకు తెల్వదు. ఆయనకు నేనంటే ఇష్టమేనా?”

ఇష్టం ఎలా తెలుస్తుంది? సినిమాలు చూసి పెరిగిన మనకు రెండే దారులు తెలుసు. ఒకటి వెంటపడటం, రెండోది మనసులో దాచుకోవడం. మన బొగ్గు ప్రాంతం నేపథ్యంగా 2023లో వచ్చిన ‘దసరా’లో నాని వేసిన ధరణి పాత్ర రెండో రకం. వెన్నెలను చిన్నప్పటి నుంచి ప్రేమిస్తాడు. స్నేహితుడు సూరికి ఆమె మీద మనసుందని తెలిసి తన ప్రేమను దాచేసుకుంటాడు. సూరి చనిపోయాక తాళి కట్టేదీ అతనే. థియేటర్‌లో నేనూ కళ్లు తుడుచుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం ఒక సంగతి గుచ్చుకుంది: కట్టే ముందు వెన్నెలను అడగడు. త్యాగం గొప్పదే, కాదనను. అడగడం మాత్రం వేరే పని.

ఈ అడగడం గురించే హార్వర్డ్‌లో కారెన్ హువాంగ్, అలిసన్ వుడ్ బ్రూక్స్, మరికొందరు కలిసి 2017లో ఒక పరిశోధన ప్రచురించారు. కొత్తగా కలిసినవాళ్ల మాటలను పరిశీలిస్తే, ఎక్కువ ప్రశ్నలు అడిగినవాళ్లు ఎదుటివారికి ఎక్కువ నచ్చారట. అందులోనూ బాగా పనిచేసింది, ఎదుటివారు చెప్పిన జవాబును పట్టుకుని అడిగే ప్రశ్న. కొద్ది నిమిషాలపాటు ఒకరి తర్వాత ఒకరిని కలిసే స్పీడ్ డేటింగ్‌లో కూడా, అలాంటి ప్రశ్నలు ఎక్కువ అడిగినవాళ్లను మళ్లీ కలవడానికి ఎక్కువమంది ఒప్పుకున్నారు. నేను రెండో ప్రశ్న అంటున్నది దీన్నే. అది అడగాలంటే మొదటి జవాబు విని ఉండాలి.

పెళ్లయ్యాక కూడా లెక్క ఇదే. అమెరికాలో జాన్ గాట్‌మన్ అనే సైకాలజిస్టు కొత్త జంటలను గమనించి, ఆరేళ్ల తర్వాత ఎవరు కలిసున్నారో చూశాడు. ఒకరు ఏదో చిన్న మాట అంటారు, “అగో, ఆ పిట్టను చూడు” లాంటిది. రెండోవాళ్లు తల తిప్పుతారా, లేదా? కలిసున్న జంటలు 100కి 86 సార్లు తల తిప్పాయి. విడిపోయిన జంటలు 33 సార్లే.

ఇక్కడ తల తిప్పడానికి మనిషి ఇంట్లో ఉండటమే కష్టం. మా జైపూర్‌లో సింగరేణి థర్మల్ పవర్ ప్లాంట్ ఉంది. 600 మెగావాట్ల యూనిట్లు రెండు, 2016 నుంచి నడుస్తున్నాయి. బాయిలర్‌కు రాత్రీ పగలూ తేడా లేదు, గనికీ లేదు. మనుషులే మూడు షిఫ్టుల్లో మారాలి. నైట్ షిఫ్ట్ వారంలో మా ఆయన పడుకునే వేళ నేను వంట చేస్తాను, నేను పడుకునే వేళ ఆయన టిఫిన్ డబ్బా పట్టుకుని బండి తీస్తాడు. ఒకసారి పక్కింటి వదిన పట్టు జాకెట్ కుడుతూ, మెడ కుదరడం లేదని విసుక్కున్నాను. ఆయన బూట్లు వేసుకుంటున్నాడు, ఏమీ అనలేదు. మూడు రోజుల తర్వాత పొద్దున్నే ఇంటికొచ్చి, మొహం కూడా కడుక్కోకుండా “ఆ జాకెట్ మెడ కుదిరిందా?” అన్నాడు. ఆయన కొనిచ్చిన చీరల్లో కొన్ని ఏ పండక్కి కొన్నాడో మర్చిపోయాను గానీ ఈ మాట మర్చిపోలేదు.

అడిగే ప్రతి ప్రశ్నా ఇష్టం కాదని కూడా పిల్లకు చెప్పాను. “ఎక్కడున్నవ్? ఎవరితోటి ఉన్నవ్? ఫోటో పెట్టు” అనేవీ ప్రశ్నలే. ఇష్టంతో అడిగేవాడు జవాబు విని ఇంకొంచెం తెలుసుకుంటాడు. అనుమానంతో అడిగేవాడు జవాబుకు రుజువు అడుగుతాడు. రెండోది మొదలైతే మాత్రం దాచకుండా ఇంట్లో చెప్పమన్నాను.

ఇంకో మాట కూడా అన్నాను. ఆ అబ్బాయికి కూడా ఎవరూ నేర్పి ఉండరు. తండ్రి తల్లిని “ఇయ్యాల ఎట్ల గడిచింది?” అని అడగడం చూడని పిల్లలు ఎందరో. అందుకని వాడు అడిగేదాకా కూర్చోకుండా నీ సంగతి ఒకటి నువ్వే చెప్పు, దాన్ని ఏం చేస్తాడో చూడు అన్నాను. బీఈడీ ఎంట్రెన్స్ రాస్తున్నానని, లెక్కలంటే భయంగా ఉందని చెప్పింది. “మంచిగ రాయి” అన్నాడట, అంతే. పరీక్ష రోజు సాయంత్రం ఫోన్ వచ్చింది. ముందు “తిన్నవా?”, కాసేపాగి “లెక్కలు ఎట్లొచ్చినయ్?”

“అడిగిండు చిన్నమ్మా, కానీ నేను సగం చెప్పంగనే ఎవరో పిలిస్తే పెట్టేసిండు” అంది. నవ్వుతోందో, బాధపడుతోందో గొంతును బట్టి తెలియలేదు.

మా అక్క శ్రావణంలోనే ముహూర్తం పెట్టాలని పట్టుబట్టింది. కార్తీకం దాకా ఆగు, పిల్లలు ఇంకొన్నాళ్లు మాట్లాడుకుంటారు అన్నాను. “పెండ్లయినంక అన్నీ అవే సర్దుకుంటయి. ముప్పై ఏండ్లల్ల మీ బావ నన్నేం అడిగిండని? నేను సంసారం చేస్తలేనా?” అంది. చేస్తోంది. ఎలా చేస్తోందో నాకు తెలుసు, దానికీ తెలుసు. ఇద్దరం కాసేపు ఏమీ మాట్లాడలేదు.

“సరే, కార్తీకంల మంచి రోజులు ఎప్పుడున్నయో అయ్యగారిని అడుగుత” అని ఫోన్ పెట్టేసింది.